రోవర్ కంట్రోలర్‌కి ఫోనే మోడెంగా పెట్టాను, పది నిమిషాలకోసారి ఫిక్స్ పోతోంది

గట్టుగొలుసు:

అందరికీ నమస్కారం. మాది మార్కాపురం వైపు. నల్లమల అంచు ఊళ్లలో ప్రైవేటుగా పొలాలు కొలుస్తుంటాను, లైసెన్స్ ఉంది. ఇన్నాళ్లూ గొలుసు, టేపు, క్రాస్ స్టాఫ్‌తోనే నడిపాను, పెద్ద పని పడితే టోటల్ స్టేషన్ (కోణాలు, దూరాలు కొలిచే యంత్రం) అద్దెకు తెచ్చుకునేవాణ్ణి. పోయిన నెల అప్పు చేసి సెకండ్ హ్యాండ్‌లో రోవర్ సెట్టు (ఉపగ్రహాలతో స్థానం కొలిచే రిసీవర్, దాని పోల్, చేతి కంట్రోలర్) కొన్నాను. రిసీవర్ బాగుంది. దాంతో వచ్చిన చేతి కంట్రోలర్ మాత్రం పాతది, విండోస్ మొబైల్ 6.5, పుల్లతో నొక్కాలి.

ఈ పని తెలియనివాళ్ల కోసం రెండు మాటలు. రోవర్ తనంతట తాను చూపించే స్థానంలో ఒకటి రెండు మీటర్ల తేడా ఉంటుంది. సర్వే ఆఫ్ ఇండియా కార్స్ స్టేషన్ల (ఒకే చోట స్థిరంగా ఉండి ఉపగ్రహ సిగ్నల్ అందుకునే కేంద్రాల) నుంచి ఇంటర్నెట్ మీద సెకనుకోసారి కరెక్షన్ వస్తుంటేనే ఆ తేడా ఒకటి రెండు సెంటీమీటర్లకు దిగుతుంది, దాన్ని ఫిక్స్ అంటాం. కరెక్షన్ ఆగితే కాసేపటికి ఫ్లోట్‌లోకి పోతుంది, ఫ్లోట్‌లో అడుగు తేడా రావచ్చు, మూడడుగులు కూడా రావచ్చు. కార్స్ పోర్టల్‌లో రిజిస్టర్ అయ్యి లాగిన్ తీసుకున్నాను, అక్కడ ఏ ఇబ్బందీ లేదు. ఇబ్బందంతా చేలో ఉన్న కంట్రోలర్‌కి నెట్ అందించడంలోనే.

కంట్రోలర్‌లో సిమ్ వేసే చోటు ఉంది. సిమ్ వేస్తే ఒక్కోసారి ఇంగ్లిష్ E అక్షరం చూపిస్తుంది, ఒక్కోసారి అసలు సిగ్నలే ఉండదు. అదే సిమ్ నా ఫోన్‌లో వేస్తే 4జీ నిండుగా ఉంటుంది. సరే అని ఫోన్‌లో హాట్‌స్పాట్ ఆన్ చేసి ఫోన్‌నే మోడెంలా వాడదామనుకున్నాను. నా కొత్త ఫోన్ హాట్‌స్పాట్ కంట్రోలర్‌కి అసలు కనిపించలేదు. మా ఆవిడ పాత ఫోన్ హాట్‌స్పాట్ కనిపించింది, కలిసింది, ఫిక్స్ కూడా వచ్చింది. పది నిమిషాలు బాగా నడిచి, ఉన్నట్టుండి ఫ్లోట్.

మొన్న అన్నదమ్ముల పంపకానికి వెళ్లాను. రెండెకరాల చేను, మధ్యలో గట్టు వేయాలి. వాళ్లు అప్పటికే రాళ్లకు పసుపు రాసి ట్రాక్టర్‌లో తెచ్చి పెట్టుకున్నారు. మొదటి రాయి చోటు చూపించాను. రెండో దాని దగ్గర పోల్ నిలబెట్టి అది నిటారుగా ఉందో లేదో చూపే బబుల్ మధ్యకు తెచ్చుకుంటూ ఉంటే స్క్రీన్ మీద కరెక్షన్ వయసు (చివరి కరెక్షన్ వచ్చి ఎన్ని సెకన్లయిందో) 1, 2, 1, 1 అని తిరిగేది కాస్తా 5 అయింది, 9 అయింది, 20 దాటింది. నా ఫోన్ తీసి చూస్తే సిగ్నల్ నిండుగానే ఉంది. 40 దగ్గర ఫిక్స్ పోయి ఫ్లోట్ పడింది, స్టేక్ అవుట్ బాణం (రాయి పాతాల్సిన చోటు చూపించేది) ఒక్కసారిగా అడుగున్నర పక్కకు జరిగింది. అక్కడే నిలబడి చూస్తున్న తమ్ముడు అది చూశాడు. "ఇందాక ఇక్కడన్నావు, ఇప్పుడు అక్కడంటున్నావు, ఏది నిజం?" అని అడిగాడు. నా దగ్గర జవాబు లేదు. రాయి పాతకుండానే సామాను సర్దుకుని వచ్చేశాను, డబ్బులు తీసుకోలేదు.

అమ్మినాయన్ని అడిగితే కొత్త కంట్రోలర్ కొనమంటున్నాడు. ఇప్పుడు నా వల్ల కాదు. ఫోన్‌నే మోడెంగా పెట్టి దీన్ని నడిపే దారి ఉందా? రెండు రోజులుగా ఇదే టెన్షన్.

నల్లరేగడి:

ముందుగా ఒక మాట, ఫ్లోట్‌లో రాయి పాతకుండా వచ్చేశావు చూడు, సరైన పని చేశావు తమ్ముడూ. లెక్క వేసుకో, వంద మీటర్ల గట్టు 40 సెంటీమీటర్లు జరిగితే 40 చదరపు మీటర్లు పోయినట్టే, అంటే దాదాపు ఒక సెంటు భూమి. మన వైపు సెంటు కోసం తలలు పగలగొట్టుకున్న ఊళ్లున్నాయి.

ఇక సిమ్ సంగతి. నీ కంట్రోలర్ లోపల ఉన్నది 3జీ మోడెం అయ్యుంటుంది, విండోస్ మొబైల్ కాలం నాటి వాటిలో అంతకు మించి ఉండదు. జియోకి మొదటి నుంచీ 2జీ, 3జీ లేవు, మొత్తం 4జీ మీదే మొదలైంది. ఎయిర్‌టెల్ 2020లో 3జీ తీసేసింది, 2జీ మాత్రం ఉంచింది. 3జీ లేని చోట నీ మోడెంకి మిగిలేది 2జీ ఒక్కటే, నీకు కనిపిస్తున్న E అదే. అక్కడ 2జీ కూడా అందకపోతే సిగ్నల్ లేదంటుంది. సిమ్ మార్చి, టవర్ వైపు తిరిగి, యాంటెన్నా బిగించి ఎన్ని చేసినా లాభం లేదు. ఆ చోటు ఖాళీగా ఉంచేయ్.

హాట్‌స్పాట్ కనిపించకపోవడానికి కారణం వేరే. కొత్త ఫోన్లు చాలావరకు హాట్‌స్పాట్‌ని 5 గిగాహెర్ట్జ్ మీద పెడతాయి. నీ కంట్రోలర్ వైఫైకి తెలిసింది 2.4 మాత్రమే, కాబట్టి ఆ ఫోన్ పక్కనే ఉన్నా దానికి లేనట్టే లెక్క. హాట్‌స్పాట్ సెట్టింగ్స్‌లో బ్యాండ్ అని ఉంటుంది, 2.4 పెట్టు. ఐఫోన్ వాడేవాళ్లకు మాగ్జిమైజ్ కంపాటిబిలిటీ అనే మీట ఉంటుంది, అది ఆన్ చేస్తే అదే పని జరుగుతుంది. సెక్యూరిటీ దగ్గర డబ్ల్యూపీఏ3 ఉంటే డబ్ల్యూపీఏ2కి మార్చు, పాతవాటికి 3 తెలియదు. ఇంకా ఒకటి, హాట్‌స్పాట్ పేరు ఇంగ్లిష్ అక్షరాల్లో, ఖాళీలు, కామాలు లేకుండా పెట్టు. మా దగ్గర ఒకబ్బాయి పేరు తెలుగులో పెట్టుకున్నాడు, కంట్రోలర్‌లో డబ్బాలు డబ్బాలుగా కనిపించింది, ఎంత నొక్కినా కలవలేదు. పేరు మార్చగానే కలిసింది.

విండోస్ మొబైల్‌లో ఇంకో మెలిక ఉంది, దీని దగ్గర నేను ఒక పూటంతా పోగొట్టుకున్నాను. వైఫై కలిపేటప్పుడు ఈ నెట్‌వర్క్ దేనికి వెళ్తుంది అని అడుగుతుంది, ది ఇంటర్నెట్ అనీ వర్క్ అనీ రెండుంటాయి. ది ఇంటర్నెట్ ఎంచుకో. వర్క్ అని ఉంటే వైఫై కలిసినట్టే చూపిస్తుంది కానీ సర్వే సాఫ్ట్‌వేర్‌కి దారి దొరకదు. లోపల పాత సిమ్ కనెక్షన్ సెట్టింగ్ ఏదైనా మిగిలి ఉంటే అది కూడా తీసేయ్, లేకపోతే వైఫై వదిలేసి దాన్ని డయల్ చేయడానికి పోతుంది.

నెట్ వచ్చిందా లేదా అని అందులోని బ్రౌజర్ తెరిచి చూడొద్దు. ఆ బ్రౌజర్‌కి ఇప్పటి వెబ్‌సైట్ల భద్రతా పద్ధతులు రావు, నెట్ బ్రహ్మాండంగా ఉన్నా పేజీ తెరుచుకోదు, నువ్వేమో నెట్ లేదనుకుంటావు. మన కరెక్షన్ వచ్చేది మామూలు ఎన్‌ట్రిప్ (ఇంటర్నెట్ మీద కరెక్షన్ పంపే పద్ధతి) దారిలో, సాధారణంగా 2101 పోర్టు మీద, దానికి ఆ గొడవ లేదు. సాఫ్ట్‌వేర్‌లో మౌంట్ పాయింట్ల (అక్కడ దొరికే కరెక్షన్ ప్రవాహాల పేర్ల) పట్టిక దించు. పట్టిక వచ్చిందంటే నెట్ ఉన్నట్టే.

టిప్పన్_కరీంనగర్:

అన్నా, పై ఆయన చెప్పినవన్నీ కరెక్టే, కానీ పది నిమిషాలకోసారి పోవుడు బ్యాండ్ వల్ల కాదు. ఒకసారి కలిసి ఫిక్స్ వచ్చినంక పోతున్నదంటే కారణం ఫోన్ లోపల ఉన్నది. నేను అడిగేది ఒక్కటే, వదిన ఫోన్‌లో రెండు సిమ్ములున్నాయా? ఫిక్స్ పోయినప్పుడల్లా ఫోన్ వచ్చిందా?

నాకు అచ్చం ఇట్లనే అయితుండె. రెండు సిమ్ముల ఫోన్‌లో చాలావాటికి ఒక్కసారి ఒక్క సిమ్మే పని చేస్తది. ఒకటో సిమ్ మీద నెట్ నడుస్తుంటే రెండో సిమ్‌కు కాల్ వస్తే, మాట్లాడినంత సేపు నెట్ ఆగిపోతది. సిగ్నల్ గీతలు మాత్రం నిండుగనే కనబడతయ్. కొన్ని ఫోన్లలో కాల్ సమయంలో డేటాను రెండో సిమ్ మీదికి మార్చే సెట్టింగ్ ఉంటది, అది ఇంకా ఖరాబు, సిమ్ మారంగనే ఐపీ (నెట్ అడ్రస్) మారుతది, కరెక్షన్ కనెక్షన్ తెగుతది. కొన్ని క్యాస్టర్లయితే (కరెక్షన్ పంపే సర్వర్లు) పాత కనెక్షన్ ఇంకా బతికే ఉన్నదనుకొని ఇప్పటికే లాగిన్ అయ్యున్నరు అని మళ్ల రానియ్యవు. ఒకటి రెండు నిమిషాలు ఆగి ట్రై చేయాలె.

ఒకే సిమ్ అయినా వోల్టీ (4జీ మీదనే కాల్ నడిపేది) ఆఫ్‌లో ఉంటే అదే కథ, కాల్ రాంగనే ఫోన్ 4జీ నుంచి కిందికి దిగుతది.

నేనేం చేస్తున్ననంటే, ఇంట్ల మూలకు పడి ఉన్న పాత 4జీ ఫోన్ ఒకటి తీసి, ఒక్కటే సిమ్ వేసి, ఆ నంబర్ ఎవ్వరికీ ఇయ్యలేదు. కరెక్షన్ కోసమే ఆ ఫోన్. ఎక్కువ డేటా కూడా తినదు, సెకనుకు ఒక కిలోబైట్ అటూ ఇటూ, గంటకు నాలుగు ఎంబీ లోపలనే. పొద్దటి నుంచి పొద్దుగూకేదాక నడిచినా ముప్పై నలభై ఎంబీ దాటదు. చిన్న రీచార్జ్ చాలు.

మా దిక్కు పంచాయితీ సెంట్లల్ల కాదు గుంటలల్ల, కానీ గట్టు కాడ కొట్లాట అంతటా ఒక్కటే. ఫిక్స్ పోతే పోల్ దించి నిలబడు, రైతుకు స్క్రీన్ చూపెట్టి ఇది ఫ్లోట్, ఇప్పుడు కొలత తీసుకోను అని చెప్పు. నేనైతే ఫస్టే చెప్త. అట్ల చెప్తే వాళ్లే ఓపిక పడతరు.

పాతమోడెం:

నాకు సర్వే పని తెలియదు కానీ చేతి పరికరాలకు ఫోన్‌ని మోడెంగా తగిలించడం మాత్రం ఇరవై ఏళ్లుగా చేస్తున్నాను, అందుకని రాస్తున్నాను.

2004 ప్రాంతంలో నా దగ్గర ఒక పామ్‌టాప్ (అరచేతి కంప్యూటర్), ఒక నోకియా 6600 ఉండేవి. రెండింటినీ బ్లూటూత్‌తో జత చేసి పామ్‌టాప్‌లో *99***1# అని డయల్ చేసేవాణ్ణి. అది నిజంగా ఎవరికీ వెళ్లే కాల్ కాదు, జీపీఆర్‌ఎస్ (అప్పటి మొబైల్ నెట్) తెరవమని ఫోన్‌కి చెప్పే సంకేతం. ఫోన్ అప్పుడు అచ్చంగా మోడెమే. దానికి ఏటీ కమాండ్లు (మోడెంకి ఇచ్చే ఆదేశాలు) పంపితే ఓకే అని జవాబు వచ్చేది, ఏపీఎన్ పేరు కూడా ఏటీ+సీజీడీకాంట్ అనే కమాండ్‌తో పామ్‌టాప్ వైపు నుంచే రాసేవాళ్లం. బ్లూటూత్ లేని ఫోన్ అయితే ఇన్‌ఫ్రారెడ్, రెండు పరికరాల నల్ల కిటికీలు ఎదురెదురుగా పెట్టి కదలకుండా కూర్చోవాలి, బల్ల కదిలితే లైన్ కట్.

ఈ పాత కథ ఎందుకంటే, గట్టుగొలుసు గారి కంట్రోలర్ ఆ కాలపు బుద్ధితో తయారైంది. అందులో బ్లూటూత్ డయల్ అప్ అనో, మోడెం అనో ఒక ఆప్షన్ కనిపిస్తుంది. దాంతో కుస్తీ పట్టకండి. ఇప్పటి ఆండ్రాయిడ్ ఫోన్ మామూలుగా తనను మోడెంగా చూపించుకోదు, రూటర్‌గా చూపించుకుంటుంది. నెట్ తనే తెరిచి పెట్టుకుని, వచ్చినవాళ్లకు లోపలి ఐపీ ఒకటి ఇచ్చి పంచుతుంది. వైఫై హాట్‌స్పాట్ అలాంటిదే, బ్లూటూత్ టెథరింగ్ కూడా అలాంటిదే, కాకపోతే అక్కడ వాడేది పాన్ అనే ప్రొఫైల్ (బ్లూటూత్ మీద నెట్ పంచే పద్ధతి). మీ కంట్రోలర్ పాత డన్ (డయల్ అప్) ప్రొఫైల్ అడుగుతుంటే ఫోన్ పాన్ ఇస్తానంటుంది. జత కడతాయి, ఒకదాని పేరు ఒకదానికి కనిపిస్తుంది, కానీ నెట్ రాదు. చాలామంది ఇక్కడే పాస్‌వర్డ్ తప్పేమో అని వంద సార్లు జత విప్పి కట్టి విసిగిపోతారు. మీ దానికి వైఫైయే దారి.

కొత్త ఆండ్రాయిడ్ కంట్రోలర్ ఉన్నవాళ్లు మాత్రం బ్లూటూత్ టెథరింగ్ ఒకసారి ప్రయత్నించండి. ఫోన్‌లో బ్లూటూత్ టెథరింగ్ ఆన్ చేసి, కంట్రోలర్‌లో జత అయిన ఆ ఫోన్ పేరు పక్కన సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఇంటర్నెట్ యాక్సెస్ టిక్ పెట్టాలి. వేగం తక్కువే, కానీ సెకనుకు కిలోబైట్ కోసం అది ఎక్కువే, హాట్‌స్పాట్‌తో పోలిస్తే రెండు పరికరాల బ్యాటరీ కూడా ఆదా.

పది నిమిషాల గురించి నాకు ఇంకో అనుమానం కూడా ఉంది. ఆండ్రాయిడ్ హాట్‌స్పాట్‌లో ఎవరూ కలిసి లేకపోతే కాసేపటికి దానంతట అదే ఆగిపోయే సెట్టింగ్ ఉంటుంది. మీ కంట్రోలర్ స్క్రీన్ ఆరిపోయి నిద్రలోకి పోతే దాని వైఫై కూడా ఆగిపోతుంది, ఫోన్‌కి ఎవరూ లేనట్టు కనిపిస్తుంది, హాట్‌స్పాట్ మూసేస్తుంది. మళ్లీ మీరు పుల్లతో తట్టి లేపేసరికి కలవడానికి ఏమీ ఉండదు. రెండు వైపులా ఆ ఆటోమేటిక్ ఆఫ్ తీసేయండి.

చేను_కొలత:

మధ్యలో నాదొక డౌట్, తప్పుగా అనుకోవద్దు. నాది ఆండ్రాయిడ్ కంట్రోలర్, సిమ్ లేని మోడల్. రోవర్‌ని కంట్రోలర్‌తో వైఫైలో కలుపుతున్నాను. అలా కలపగానే ఫోన్ హాట్‌స్పాట్ తెగిపోతుంది. హాట్‌స్పాట్ కలిపితే రోవర్ పోతుంది. ఏం చేయాలి?

నల్లరేగడి:

కంట్రోలర్‌లో వైఫై ఒక్కటే కదా, అది ఒకసారి ఒక ఇంటికే చుట్టం. రోవర్‌ని బ్లూటూత్ మీదికి మార్చు, వైఫైని ఫోన్‌కి వదిలెయ్. లేదంటే ఇప్పటి రోవర్లు చాలావాటిలో రిసీవరే నేరుగా హాట్‌స్పాట్‌లో చేరే వీలుంటుంది, అప్పుడు లాగిన్ వివరాలు రిసీవర్‌లోనే రాసుకోవాలి, కంట్రోలర్‌కి నెట్ అక్కర్లేదు. నీ మోడల్ మెనూలో డేటా లింక్ అన్నచోట చూడు.

రాగిచేను:

నేను కొంచెం వేరుగా చెబుతాను. గట్టుగొలుసు గారూ, ఆ పాత కంట్రోలర్‌కి నెట్ ఇవ్వాలని ఇంత కష్టపడటం ఎందుకండీ? దాన్ని పక్కన పెట్టేసి ఫోన్‌నే రిసీవర్‌తో మాట్లాడించండి. ఎస్‌డబ్ల్యూ మ్యాప్స్ అని నేపాల్ వాళ్లు చేసిన ఉచిత ఆప్ ఉంది, అందులోనే ఎన్‌ట్రిప్ క్లయింట్ ఉంటుంది. ఫోన్ నెట్ మీద కరెక్షన్ తీసుకుని బ్లూటూత్ మీద రిసీవర్‌లోకి పోస్తుంది, రిసీవర్ స్థానాన్ని తిరిగి ఫోన్‌లోనే చూపిస్తుంది. మధ్యలో వైఫై లేదు, విండోస్ మొబైల్ లేదు, పుల్ల లేదు. నేను చిన్న పనులన్నీ ఏడాదిగా అలాగే చేస్తున్నాను.

రిసీవర్ తన బ్లూటూత్ పోర్టు మీద కరెక్షన్ తీసుకునేలా, ఎన్‌ఎంఈఏ వాక్యాలు (స్థానం చెప్పే వరసలు) బయటికి పంపేలా సెట్ అయ్యుండాలి. కొన్ని కంపెనీల రిసీవర్లు తమ సాఫ్ట్‌వేర్‌తో తప్ప వేరేవాటితో మాట్లాడవు. ముందు ఇంటి మేడ మీద ఒక గంట ప్రయత్నించి, అది తేలాకే చేలోకి తీసుకెళ్లండి.

టిప్పన్_కరీంనగర్:

ఆప్ మంచిదే కానీ స్టేక్ అవుట్ పనికి, సబ్ డివిజన్ గీతలు పెట్టుకొని కొలిచే పనికి కంట్రోలర్ సాఫ్ట్‌వేర్ ముందు ఫోన్ ఆప్ నిలవదు, నా అనుభవం అది. అన్నకు కావాల్సింది రాళ్లు పెట్టుడు. కంట్రోలర్‌ను వదలొద్దు. ఆప్‌ను ఫోన్ లింకు బాగుందా లేదా చూసుకునేందుకు వాడుకో, అంతే.

రాగిచేను:

ఒప్పుకుంటాను, పెద్ద స్టేక్ అవుట్‌కి మీరన్నదే నయం. కానీ కంట్రోలర్ చేలో మొండికేస్తే కనీసం రిసీవర్ పని చేస్తోందో లేదో తేల్చుకోవడానికి ఫోన్‌లో ఆప్ సిద్ధంగా ఉంచుకోమంటాను. తప్పు ఎక్కడుందో తెలియకుండా రైతుల ముందు తల దించుకుని నిలబడటం ఎంత కష్టమో నాకు తెలుసు.

సిగ్నలే లేని లోయలు మీ వైపు ఉంటాయి కాబట్టి ఇంకో మాట. అక్కడ ఏ ఫోనూ మోడెం కాదు. కరెక్షన్ లేకుండానే ముడి డేటా రికార్డ్ చేసుకుని, ఇంటికొచ్చాక కార్స్ డేటాతో కలిపి లెక్క కట్టొచ్చు. అదే రోజు రాయి పాతలేరు, కానీ అలా రెండు మూడు పాయింట్లు తెచ్చుకుంటే తర్వాత వాటి మీద టోటల్ స్టేషన్ పెట్టి రాళ్లు వేయొచ్చు.

నల్లరేగడి:

ఎండ సంగతి ఎవరూ చెప్పలేదు. ఐఫోన్‌ని 35 డిగ్రీల వరకే వాడమని ఆపిల్ వాళ్లే రాస్తారు, మన మే నెలలో చేలో 43, 44 ఉంటుంది. హాట్‌స్పాట్ ఆన్‌లో ఉన్న ఫోన్ మామూలు కంటే ఎక్కువ వేడెక్కుతుంది, దానికి ఎండలో పవర్ బ్యాంక్ కూడా తగిలిస్తే పూర్తిగా కాగిపోయి ముందు నిదానిస్తుంది, తర్వాత ఆగిపోతుంది. నేను పోల్‌కి ఫోన్ క్లాంప్ బిగించి, పైన అట్టముక్క నీడలా కట్టుకున్నాను. జేబులో పెట్టుకుంటే చెమట, వేడి, పైగా ఒంటి అడ్డు. పోల్ మీద ఉంటే కంట్రోలర్‌కి జానెడు దూరంలోనే ఉంటుంది, వైఫై తెగదు. ఛార్జింగ్ మాత్రం భోజనాల వేళ నీడలో.

గట్టుగొలుసు:

అందరికీ పేరు పేరునా కృతజ్ఞతలు. నాలుగు రోజులు ఒక్కొక్కటే మార్చి చూశాను, ఇంకెవరికైనా పనికొస్తుందని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నా కొత్త ఫోన్‌లో బ్యాండ్ 2.4కి మార్చగానే కంట్రోలర్‌లో పేరు కనిపించింది. కలవలేదు. డబ్ల్యూపీఏ2కి మార్చాక కలిసింది. మౌంట్ పాయింట్ల పట్టిక రాలేదు, చూస్తే నల్లరేగడి అన్న చెప్పినట్టే వర్క్ అని ఉంది, దాన్ని మార్చి, పాత సిమ్ కనెక్షన్ తీసేశాక అర నిమిషంలో పట్టిక వచ్చింది. అంతవరకు నేను బ్రౌజర్ తెరిచి పేజీ రావట్లేదని చూసి నెట్ లేదనే అనుకుంటూ వచ్చాను.

పది నిమిషాల సంగతి కరీంనగర్ తమ్ముడు చెప్పిందే. మా ఆవిడ ఫోన్‌లో రెండు సిమ్ములు. కాల్ లిస్టు తీసి ఆ రోజు టైములు చూశాను, ఫిక్స్ పోయిన టైముకి సరిగ్గా ఒక మిస్డ్ కాల్, ఆ తర్వాత మా అత్తగారి కాల్ ఉన్నాయి. ఆ ఫోన్ సైలెంట్‌లో పెట్టి మా అబ్బాయి చేతికిచ్చాను కాబట్టి నాకు తెలియలేదు, వాడే కాల్ ఎత్తి మాట్లాడాడట. మళ్లీ రుజువు కోసం ఇంటి మేడ మీద రోవర్ పెట్టి, ఫిక్స్ వచ్చాక రెండో సిమ్‌కి నేనే కాల్ చేసి ఎత్తాను. వయసు 3, 7, 15 అని ఎక్కుతూ పోయింది. కాల్ పెట్టేశాక మళ్లీ 1కి వచ్చింది. మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అంతే.

పాతమోడెం గారు చెప్పిన నిద్ర సంగతి కూడా నిజమే, కానీ అది వేరే జబ్బు, భోజనం చేసి వచ్చినప్పుడల్లా కలవకపోవడం దానివల్లే. రెండు వైపులా ఆఫ్ చేశాను.

ఇప్పుడు ఇంట్లో ఉన్న పాత 4జీ ఫోన్ ఒకటి కరెక్షన్‌కే కేటాయించాను, ఒక్క సిమ్, వోల్టీ ఆన్, ఆప్‌ల అప్‌డేట్లన్నీ ఆపేశాను. ఆప్ కూడా వేసుకున్నాను రాగిచేను గారూ, మీరన్నట్టు మేడ మీదే చూశాను, నా రిసీవర్ దాంతో మాట్లాడుతోంది.

నిన్న పొద్దున్నే ఆ అన్నదమ్ముల చేలోకి మళ్లీ వెళ్లాను. మొదలుపెట్టే ముందే ఇద్దరినీ పిలిచి స్క్రీన్ చూపించి, ఇక్కడ ఫిక్స్ అని ఉంటేనే కొలత, ఈ అంకె ఐదు దాటితే ఆగుదాం అని చెప్పాను. తమ్ముడు ఆ అంకెనే చూస్తూ నా పక్కనే నడిచాడు. మొదటి రాయి చోటు మళ్లీ తీస్తే మొన్న చూపించిన దానికి సెంటీమీటరున్నర తేడా వచ్చింది, అది ఒప్పుకోదగ్గదే. రెండోది, మూడోది, నాలుగోది వరసగా ఫిక్స్‌లోనే అయిపోయాయి, ఒక్కో చోట రెండుసార్లు, పోల్ తీసి మళ్లీ పెట్టి చూశాను.

ఐదో రాయి మాత్రం పెద్ద చింతచెట్టు కింద పడింది. అక్కడ కరెక్షన్ వస్తూనే ఉంది, వయసు 1 దగ్గరే ఉంది, అయినా ఫ్లోటే. అది ఫోన్ తప్పు కాదు, పైన ఆకాశం లేదు. చెట్టు నీడ దాటి ఎండలో రెండు చోట్ల ఫిక్స్ తీసుకుని మేకులు కొట్టి, ఆ రెండు మేకుల నుంచి ఐదో రాయికి ఎంత దూరమో కంట్రోలర్‌లో చూసుకుని టేపులు లాగాం. ఒక టేపు చివర అన్న పట్టుకున్నాడు, ఇంకోటి తమ్ముడు. రెండు టేపులూ కలిసిన చోట గడ్డపార దించి గుర్తు పెట్టి రాయి పాతించాను.